బ్యాటరీ నిండుగానే ఉంది

నా భార్య మీరాబీని చంపింది ఆమె సొంత అన్న అబూబకర్. ఇది అనుమానం కాదు, కోపంలో అన్న మాట కాదు. జరిగిన సంగతి.

ఊళ్లో తుఫాను చంపిందంటారు. తుఫాను మా ఇంటి కిటికీ రెక్క కూడా ఊడగొట్టలేదు. జబ్బు చంపిందని కొందరంటారు. ఆ జబ్బుతో ఆమె ఏళ్ల తరబడి బతికింది. ఇంకా బతికేది.

మాది నందివెలుగు. అక్కడి బళ్లో ఏడో తరగతి దాకా చదివి, తెనాలిలో మా నాన్న పరుపుల కొట్లో కూర్చున్నాను. దూది ఏకే మిషను దగ్గర నేను, సూది దగ్గర మీరాబీ. ఆ దూది దుమ్ము ఇద్దరం కలిసే పీల్చాం. నాకేమీ కాలేదు. ఆమె ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూపించి, ఇవి ఇక మెత్తబడవన్నాడు. ఆక్సిజన్ మిషను రాసిచ్చాడు. చుట్టూ ఉన్న గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నని గొట్టంతో ముక్కుకు అందించే పెట్టె అది. కరెంటు ఉన్నంతసేపు నడుస్తుంది. కరెంటు పోతే ఆమె పెదవులు నీలంగా మారేవి. దుమ్ము లేని చోట ఉంచమని కూడా ఆ డాక్టరే చెప్పాడు.

అది విని అబూబకర్ తెనాలి వచ్చాడు. చెల్లెల్ని తమ ఊరు అడవులదీవి తీసుకురమ్మన్నాడు. సముద్రపు గాలి, దుమ్ము లేదు, తన ఇంటి పక్కనే రెండు గదుల డాబా ఖాళీగా ఉంది అన్నాడు. కొట్టు అమ్మేసి వెళ్లాం. ఆయన చేసిన ఆ మేలు నేను దాచడం లేదు. ఇచ్చిన చేత్తోనే తిరిగి తీసుకున్నాడు.

అక్కడ గాలి మంచిదే. కరెంటే నిలిచేది కాదు. చుట్టూ రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగితే మా వీధిలో బల్బులు ఎర్రబడేవి. రోజూ ఏదో ఒక వేళ మొత్తం పోయేది. పోయినప్పుడల్లా గొట్టం మిషను నుంచి పీకి ఆక్సిజన్ సిలిండరుకు తగిలించేవాణ్ణి. సిలిండరు నింపించాలంటే రేపల్లె పోవాలి. రేపల్లె రోడ్డు మీద ఉన్నంతసేపూ ఇంట్లో కరెంటు ఉందో లేదో అని మోపెడ్ ఆపకుండా తోలేవాణ్ణి.

అబూబకర్ కొడుకు ఫిరోజ్ బాపట్లలో సోలారు పలకలు బిగించే పని చేస్తాడు. వాడు ఒక ఆదివారం డాబా ఎక్కి కాసేపు నిలబడి దిగాడు.

“ఈ గాలికి పలకలెందుకు మామయ్యా. చిన్న గాలిమర పెడదాం. చీకటైనా ముసురైనా తిరుగుద్ది” అన్నాడు.

పెట్టాడు. మూడు రెక్కల గాలిమర. దాన్ని ఇనప గొట్టం మీద నిలబెట్టి నాలుగు వైపులా తీగలతో లాగి కట్టాం. ఒక తీగ పట్టుకుంది అబూబకరే. కింద గదిలో రెండు బ్యాటరీలు, గోడకు ఇన్వర్టర్. బ్యాటరీలో చేరిన కరెంటును మిషనుకు పనికొచ్చే కరెంటుగా మార్చేది ఆ ఇన్వర్టర్. అది లేకపోతే బ్యాటరీలో ఎంత ఉన్నా లేనట్టే. ఫిరోజ్ అందరినీ పిలిచి మరీ చెప్పాడు.

“అత్త మిషను, ఒక ఫ్యాను, రెండు లైట్లు. అంతే. మిక్సీ వద్దు, ఇస్త్రీ వద్దు. నీళ్ల మోటారు అసలే వద్దు. మోటారు లేచేటప్పుడు ఒక్కసారిగా గుంజుద్ది, ఇన్వర్టర్ మాడిపోద్ది.”

అబూబకర్ అక్కడే నిలబడి టీ తాగుతున్నాడు. విన్నాడు. తల కూడా ఊపాడు. ఈ సంగతి తర్వాత ఎవరూ గుర్తు చేసుకోలేదు.

వీధిలో వాళ్లు తెనాలి ఆయన డాబా మీద హెలికాప్టర్ దిగిందని నవ్వారు. మీరాబీ వాళ్లకన్నా ఎక్కువ నవ్వింది. ఫిరోజ్ భార్య షబానా మధ్యాహ్నాలు వచ్చి ఆమె దగ్గర కూర్చునేది. “నాకు గాలి చాలట్లేదని ఊళ్లో గాలంతా పట్టుకొచ్చి కట్టేశారే మీ మామయ్య” అని ఆ పిల్లతో అంటూ, నవ్వు దగ్గులో పడి ఆయాసపడేది.

ఆ గాలిమర వచ్చాక ఆమె గొట్టం ముక్కున పెట్టుకునే వంట చేసింది. నేను నిద్రపోయాను.

గొట్టం పొడవు వీధి గడప దాకా వచ్చేది. అంతకు మించి వచ్చేది కాదు. గడప లోపల కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను పలకరించేది. అది ఆమె పుట్టిన వీధి. అందరూ ఆమెకు వదినలో, పిన్నులో, మేనకోడళ్లో. ఎవరు గిన్నె పట్టుకుని వచ్చినా ఖాళీగా పంపేది కాదు. నేను కసిరితే, “పుట్టింటి వీధిలో ఆడపిల్ల లేదంటే బాగోదండి” అనేది.

తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని ముందే చెప్పారు. తీగలు తెగి ఎవరి మీదా పడకుండా కరెంటు ముందే ఆపేశారు. అంత గాలికి తిరిగితే రెక్కలు విరుగుతాయని ఫిరోజ్ ఫోన్ చేసి చెప్తే గాలిమరకు బ్రేకు వేశాను. ఆ తర్వాత ఫోన్లు కూడా పోయాయి. ఆ రాత్రి కొంతసేపు బ్యాటరీ, కొంతసేపు సిలిండరు ఆమెను దాటించాయి. తెల్లవారేసరికి సిలిండరు ఖాళీ.

పొద్దున వాన తగ్గింది, గాలి ఇంకా బలంగానే ఉంది. బ్రేకు తీశాను. గాలిమర అందుకుంది. బ్యాటరీ మీటరు ముల్లు లేవడం కళ్లారా చూశాను. మిషను ఆగకుండా నడిచింది. ఊరంతటికీ కరెంటున్న ఇల్లు మాదొక్కటే. చెరువుల మీది జనరేటర్లన్నీ నీళ్లలో మునిగి ఉన్నాయి. ఫోన్లకు ఛార్జింగు పెట్టుకుంటామని వచ్చినవాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపాను.

తర్వాత అబూబకర్ వచ్చాడు. కుళాయి రాలేదని, తాగే నీళ్ల చెరువులో ఉప్పునీళ్లు కలిశాయని, తన ఇంట్లో బోరు ఉంది గనుక అరగంట లైను ఇస్తే వీధి మొత్తం బిందెలు నింపుకుంటుందని చెప్పాడు. నీ కొడుకు చెప్పింది వినలేదా అని అడిగాను.

“అది మామూలప్పుడు బావా. ఇప్పుడు గాలి చూడు, ఎంత కరెంటు పుడతందో.”

“ఇవ్వను.”

“నేనేం టీవీ చూట్టానికి అడగలా. నీళ్లు.”

“ఇవ్వనన్నాను.”

“నువ్వీ ఊరోడివి కాదు. నీకెట్టా తెలుసుద్దిలే” అని వెళ్లిపోయాడు.

సిలిండరు ఖాళీగా ఉండటం నాకు భయంగా ఉంది. గాలి పడిపోతే ఏం చేయాలి? షబానాను మీరాబీ దగ్గర కూర్చోబెట్టాను. ఇన్వర్టర్ దగ్గరికి ఎవరినీ రానీయవద్దని చెప్పాను. సిలిండరు మోపెడ్‌కు కట్టుకుని రేపల్లె దారి పట్టాను. రోడ్డు మీద తుమ్మలు అడ్డం పడి ఉన్నాయి. మోపెడ్ ఎత్తుకుని దాటాను. మురుగు కాలవ దగ్గర నీళ్లు రోడ్డు మీదుగా పారుతున్నాయి. దిగితే మోపెడ్ తేలింది. వెనక్కి తిరిగాను.

ఊళ్లోకి వస్తుంటే ఇళ్ల పైన మా గాలిమర కనపడింది. తిరుగుతోంది. నా ప్రాణం కుదుటపడింది. ఆ క్షణాన్ని నేను క్షమించను.

గేటు ముందు బిందెలు వరసగా ఉన్నాయి. పక్కన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. మా కిటికీలోంచి ఒక నీలం తీగ గోడ మీదుగా అబూబకర్ పెరట్లోకి పోయింది. ఇంట్లో కాలిన వాసన.

మీరాబీ మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉంది. గొట్టం ముక్కుకు ఉంది. మిషను నడవడం లేదు. షబానా అట్టముక్కతో విసురుతోంది, ఏడుస్తోంది. అబూబకర్ ఇన్వర్టర్ మీట పైకీ కిందికీ వేస్తున్నాడు.

“మోటారు ‘గీ’ మంది, అంతే బావా. చుక్క కూడా రాలా” అన్నాడు.

ఆయన్ని తోసేశాను. తీగ పీకేశాను. మీట వేశాను, తీశాను, వేశాను. నాకు పరుపులు కుట్టడం తెలుసు. అది తెలియదు. ముల్లు చూశాను. బ్యాటరీ నిండుగా ఉంది. పైన గాలిమర ఇంకా నింపుతూనే ఉంది. దాన్ని ఆమె ముక్కు దాకా తెచ్చే దారి లేదు. ఇంకొకరి ఇన్వర్టర్ తెచ్చి తగిలిద్దామని ఎవరో అన్నారు. తగిలించడం తెలిసినవాడు బాపట్లలో ఉన్నాడు. సిలిండరు మూత మళ్లీ తిప్పి చూశాను, ఖాళీదని తెలిసి కూడా. కాస్త చప్పుడైనా వస్తుందేమోనని చెవి పెట్టాను. రాలేదు.

చెరువు కాపలావాళ్ల ట్రాక్టరు తెచ్చారు. దాని వెనక తగిలించిన ట్రక్కులో నేను కుట్టిన బూరుగుదూది పరుపు వేసి ఆమెను కూర్చోబెట్టాం. పడుకుంటే ఆడదు ఆ ఊపిరి. నేను వెనక కూర్చుని ఆమె వీపు నా ఛాతీకి ఆనించుకున్నాను. ముందు మగవాళ్లు గొడ్డళ్లతో తుమ్మలు నరుకుతూ నడిచారు. అందరికన్నా ముందు అబూబకర్. చేతులు రక్తం కారేలా నరికాడు. అది కూడా చెప్తున్నాను, చూడలేదనను. ఎంత నరికినా నాకు ఒకటే.

ట్రాక్టరు మురుగు కాలవ నీళ్లు దాటింది. మలుపు తిరిగేదాకా వెనక ఇళ్ల మీద గాలిమర తిరుగుతూ కనపడుతూనే ఉంది. కాలవ దాటాక ఆమె నా చొక్కా పట్టుకుని లాగింది. ఏదో చెప్పబోయింది. మాట్లాడొద్దు, ఊపిరి దాచుకో అన్నాను. మళ్లీ లాగింది. వద్దన్నాను. రేపల్లె ఇళ్లు కనిపించకముందే ఆ చెయ్యి జారిపోయింది.

ఆమె జనాజా మోయడానికి అబూబకర్ భుజం పట్టబోతే నేను పట్టనివ్వలేదు. చెల్లెలి జనాజాకు అన్నను దూరం పెట్టడం ఏంటని పెద్దలు అన్నారు. ఆయన అందరి వెనక నడిచాడు.

ఫిరోజ్ బాపట్ల నుంచి వచ్చి ఇన్వర్టర్ మూత విప్పాడు. లోపల నల్లగా మాడిపోయి ఉంది. బ్యాటరీ చూశాడు. “ఇది నిండుగానే ఉంది మామయ్యా” అని అక్కడే గోడకు చేరగిలబడ్డాడు. తండ్రితో ఆ తర్వాత మాట్లాడాడో లేదో నాకు తెలియదు.

మూడో నాటి జియారత్ రోజున పెద్దలు మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. దగ్గరి చుట్టాలు, ఇలా ఉండకూడదు అన్నారు. అబూబకర్ తల దించుకుని మాట్లాడాడు.

“చేసింది నేనే బావా. కాదన్ను. కానీ దొంగతనంగా చెయ్యలా. చెల్లి పెట్టుకోమంది.”

“చచ్చిపోయినదాని మీద పెట్టకు” అన్నాను.

వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ షబానా అంది.

“అబద్ధం కాదు మామయ్యా. అత్త గడప దాకా వచ్చి బిందెలు చూసింది. మిషనూ మోటారూ రెండూ కలిపితే లాగదంట, కాసేపు నాది ఆపుకుంటాలే అని తనే మిషను ఆపింది. నేను వద్దన్నా. ఏం కాదులే, మీ మామయ్య వచ్చేలోపు కానియ్యండి, వస్తే ఒప్పుకోడు అంది.”

అందరూ నా ముఖం చూస్తున్నారు, ఇప్పుడు నేను అబూబకర్ చెయ్యి పట్టుకుంటానని. నేను లేచి డాబా ఎక్కాను. గాలిమర తిరుగుతోంది. బ్రేకు వేశాను. రెక్కలు ఆగేదాకా అక్కడే ఉన్నాను. దిగి వచ్చి నా సూదుల పెట్టె తీసుకుని బస్సెక్కాను.

ఇప్పుడు తెనాలిలో మరొకరి కొట్లో పరుపులు కుడుతున్నాను. అబూబకర్ రెండుసార్లు వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. తలెత్తలేదు. గాలిమరను ఏం చేయమంటారని ఫిరోజ్ కబురు పంపాడు. దానికీ బదులు పంపలేదు.

షబానా చెప్పింది నిజమే కావచ్చు. దానివల్ల నా మాట మారదు. అడిగితే ఆమె లేదనలేని మనిషని ఆ వీధిలో అందరికన్నా బాగా తెలిసినవాడు అబూబకర్. నా దగ్గర దొరకనిది ఆమె దగ్గర దొరుకుతుందని తెలిసే, నేను లేనప్పుడు వచ్చి అడిగాడు. అడిగినవాడే చంపాడు.

దీని మీద ఇంకొక్క మాట మాట్లాడితే తప్పు మీరాబీ మీదికి పోతుంది. ఆ మాట నా నోట రాదు. అందుకే ఇది ఇక్కడితో సరి. పెద్దలు అడిగినా, ఫిరోజ్ అడిగినా, రేపు నా ప్రాణం పోయేటప్పుడు ఎవరు పక్కన కూర్చుని అడిగినా, ఈ సంగతి నేను ఇంకెప్పుడూ మాట్లాడను.