నన్ను ఆరబెట్టాలనుకున్న తమ్ముడు

నా ముఖం ఉబ్బిందని మొదట పసిగట్టినవాడు నా తమ్ముడు ఏసోబు. పసిగట్టడమే వాడి పని. సత్తెనపల్లిలో నా మిరపకాయల కొట్టులో కాటా దగ్గర ఉండేది వాడే. బరువు కోసం నీళ్ళు చల్లిన సరుకు వస్తే గుప్పెడు పట్టుకుని చెప్పేసేవాడు. అలాంటి సరుకును కల్లంలో పరిచి, ఆరాకే తూస్తాం.

నాది కీళ్ళజబ్బు. ఒంటికి కాపలా ఉండాల్సిన శక్తే కీళ్ళ మీద పడి తింటోందని గుంటూరు డాక్టరు చెప్పాడు. పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవికి నా వేళ్ళు మిరపకాయ తొడిమ కూడా తుంచలేకపోయాయి. ఆయన తెల్ల మాత్రలు రాసిచ్చి, బేరం ముందే తేల్చాడు.

"చేతులు వస్తాయి. ముఖం ఉబ్బుతుంది, షుగరు రావచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. ఏమైనా సరే ఉన్నపళాన మానొద్దమ్మా, ప్రాణం మీదికొస్తుంది. మెల్లగా నేనే తగ్గిస్తాను."

ముఖం ఇచ్చి చేతులు కొనుక్కున్నాను. ముఖంతో నాకేం వ్యాపారం?

ఏసోబుకు ఆ బేరం నచ్చలేదు. "అక్కా, మార్కెట్ యార్డులో నవ్వుతున్నారు. మీ అక్క సారా మొదలెట్టిందా అంటున్నారు."

"నా మొహం చూసి నవ్వేవాళ్ళు నా రేటు విని ఏడుస్తార్లే. నువ్వు కాటా చూసుకో."

మరుసటి ఏడు ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యాక నా మాత్రల డబ్బా కనిపించలేదు. అడిగితే సున్నపు గుంటలో పారేశానన్నాడు.

"నీకు పట్టింది నీరే అక్కా. నీళ్ళు చల్లేది ఆపితే సరుకు ఆరదా? ఉప్పు మానెయ్. ఉలవకట్టు తాగు. మిగతాది ప్రభువు చూసుకుంటాడు."

"నేను మిరపకాయనట్రా, ఆరబొయ్యడానికి?"

మందుల షాపుకు మనిషిని పంపాను. ఇస్తే కాళ్ళు విరగ్గొడతానని ఏసోబు అక్కడా చెప్పి వచ్చాడట. బస్సెక్కే ఓపిక లేక సరుకు లారీలో గుంటూరు పోదామనుకుంటే ఆ లారీ ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే నేను కల్లంలో కూలబడి వాంతులు చేసుకుంటున్నాను. కళ్ళు చీకట్లు కమ్మాయి.

"చూశారా, ఒంట్లో నీరు దిగుతోంది!" అన్నాడు ఏసోబు, సంబరంగా.

తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠామేస్త్రి కరీమున్ నా చెయ్యి పట్టుకు చూసింది. "దిగేది నీరు కాదురా సచ్చినోడా, ప్రాణం! జరుగు!"

ఆడవాళ్ళే నన్ను మోసి లారీలో బస్తాల మీద పడుకోబెట్టారు. ఏసోబు పోయి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు బాపయ్య నా వైపు చూశాడు.

"తొక్కించి పోనీ," అన్నాను.

బాపయ్య ఇంజను స్టార్టు చేశాడు. ఏసోబు పక్కకు దూకాడు.

గుంటూరులో సెలైను పెట్టి ఇంజక్షన్లు చేశారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేదానివి కాదని డాక్టరు నన్నే తిట్టాడు. తిట్టనిచ్చాను. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి.

తిరిగి వచ్చేసరికి ఏసోబు కాటా దగ్గరే ఉన్నాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీ మంచికే చేశానక్కా. చూడు, మొహం కాస్త తగ్గింది."

"తగ్గింది. కాటా వదిలి బయటికి నడువు."

"తోడబుట్టినోణ్ణక్కా!"

"అందుకే పోలీసుల దగ్గరికి పోకుండా ఇక్కడికొచ్చాను. నడువు."

వాడు వెళ్ళాక మాత్ర వేసుకుని, ఆ పూట సరుకంతా నా చేతులతో నేనే తూచాను.