పొగ తగలకూడనివి

"అటక మీది మిరియాలు బేగి దింపు. ఈటికి పొగ తగలకూడదంట" అన్నాడు సుక్రు.

నేను పొయ్యి దగ్గర కూర్చుని చోడి అంబలి కలుపుతున్నాను. పొగకి కళ్లు మండుతున్నాయి. నా వెనకాల చాప మీద మా పాప సరళ దగ్గుతోంది. మా ఆయన ఆ రెండింటినీ దాటుకుని, మెడ పైకెత్తి అటక వైపు చూస్తూ ఆ మాట అన్నాడు. మా కొండల్లో మిరియాలు ఎండబెట్టాక పొయ్యి పైనున్న అటక మీదే దాస్తాం. వానాకాలం పొడుగునా మబ్బు దిగి ఇళ్లలోకి వచ్చేస్తుంది కాబట్టి పొగ లేకపోతే బూజు పట్టి పోతాయి. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త చిట్టెమ్మ నాకు నేర్పిన మొదటి పని అదే. అలాంటిది ఇప్పుడు పొగ పడదంటే నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.

ఉన్నదంతా ఒకటే గది. వంటా అందులోనే, పడకా అందులోనే. సరళకి మూడో ఏడు నుంచీ ఆయాసం. నిద్రలో దాని పక్కటెముకలు లోపలికి పోతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప నాకేమీ చేతకాదు. ఒక పక్కన గోడ పెట్టి చిన్న గది కట్టమని అడిగాను. "పొగకి ఎవులైనా సచ్చారేటి? నేను పెరగలేదా ఈ పొగలోనే?" అంది మా అత్త. ఆవిడా రోజంతా దగ్గుతూనే ఉంటుంది, అది మాత్రం లెక్కలోకి రాదు. మండలం ఆసుపత్రి డాక్టరు, పాపని పొగకి దూరంగా ఉంచమన్నాడు. "ఆడు కుర్ర డాక్టరు. ఆడికేటి తెలుసు? ఇశాపట్నం పెద్ద డాక్టరు సెప్పనీ" అన్నాడు సుక్రు. బస్సులో వాంతులు చేసుకుంటూ విశాఖపట్నం వెళ్లాం. పెద్ద డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. "మందు రాసింది గదా, ఇంకేటి నీ గోల?" అన్నాడు. గ్యాసు పొయ్యి ఉంది మాకు. సిలిండరు ఖాళీ అయి చాలా కాలమైంది. కట్టెలు ఊరికే దొరుకుతుంటే కొండ కింద నుంచి దాన్నెవడు మోస్తాడంటాడు. ఆ కట్టెలు మోసేది నేను కాబట్టి అవి ఊరికే దొరుకుతాయి.

ఆ మర్నాడు, పై దేశానికి పంపే మిరియాల సంగతి చెప్పడానికి ఉమామహేశ్వరి అనే అధికారిణి మా ఊరొచ్చింది. బడి అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "ఇదివరకు మనం ఇక్కడ పరీక్ష చేసి పంపినా, అవతలి దేశం రేవులో మళ్లీ పరీక్ష చేసేవాళ్లు. సరుకు అక్కడే పడి ఉండేది. ఇప్పుడు రెండు దేశాలకీ వాణిజ్య ఒప్పందం కుదిరింది. రెండువైపుల అధికారులూ కూర్చుని మాట్లాడుకున్నారు. మన ల్యాబు సరుకు బాగుందని చెబితే వాళ్లూ బాగుందనే ఒప్పుకుంటారు. కాకపోతే పొగలో ఉండే విషం మిరియాలకి అంటకూడదు. ఒక్క ఇంటి బస్తా పరీక్ష తప్పినా ఊరందరి సరుకూ ఆగిపోతుంది."

అందరూ తలలూపారు. నేను మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. సముద్రానికి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు సరిగా ఎరగరు. అయినా ఒకరు పరీక్ష చేసి చెబితే ఇంకొకరు నమ్ముతామని ఒప్పందం చేసుకున్నారు. నా కూతురికి ఊపిరాడటం లేదని నేను చెబితే చాలలేదు. చిన్న డాక్టరు చెబితే చాలలేదు. పెద్ద డాక్టరు చెప్పినా చాలలేదు. నా మాట ఏ రేవులో ఆగిపోయిందో నాకు తెలియదు. అక్కడే గట్టిగా ఏడవాలనిపించింది కానీ పక్కన మా పొరుగింటి యర్రమ్మ ఉంది, ఊరంతా చెబుతుందని ఊరుకున్నాను.

నేను ఏళ్లుగా అడిగిన గోడ ఆ వారంలోనే లేచింది. వసారాని మూసి, పైన కొత్త రేకు వేసి, కిటికీకి జాలీ కొట్టాడు సుక్రు. మట్టి తొక్కింది నేను, తట్టలు మోసింది నేను, గోడ మెత్తింది నేను. బస్తాలు చెక్కల మీద వరసగా పేర్చాక ఆ గది ఎంత బాగుందో! ఒక మధ్యాహ్నం సరళని అక్కడ పడుకోబెట్టాను. పిల్ల దగ్గలేదు. నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ నిద్రపోయింది. అలా నిద్రపోతుందని నాకే తెలియదు. సంతోషం పట్టలేక గుమ్మంలో కూర్చుండిపోయాను.

"ఏటి సేత్తన్నావు? సరుకు గదిలో మనిసి పడుకోకూడదంట!" అని సుక్రు పిల్లని ఎత్తుకొచ్చి మళ్లీ పొయ్యి పక్కన పడేశాడు.

తనిఖీకి వచ్చినప్పుడు ఉమామహేశ్వరినే అడిగాను. "మేడమ్, మా గుంటని ఈ గదిలో పడుకోబెట్టుకోవచ్చా?"

ఆవిడ లోపలికి తొంగి చూసింది. సరళ ఆయాసం వింది. "పాపని పొగలో ఉంచకూడదమ్మా" అంది.

"మరి ఎక్కడుంచమంటారు?"

"నా పని సరుకు వరకేనమ్మా" అంది ఆవిడ, తనదే తప్పన్నట్టు నెమ్మదిగా. ఆవిడ మీద కోపం రాలేదు నాకు. ఆవిడ చేతిలోనూ ఏమీ లేదు. నేను పంతానికి పోయి పిల్లని ఆ గదిలో ఉంచితే యర్రమ్మ బస్తాలూ ఆగుతాయి, ఊరందరివీ ఆగుతాయి. వాళ్ల కష్టం పాడుచేసే ధైర్యం నాకు లేదు.

మా మిరియాలు పరీక్షలో గెలిచాయి. లారీ వచ్చి బస్తాలన్నీ ఎత్తుకెళ్లింది. ఊళ్లో అందరూ సుక్రు భుజం తట్టారు. ఇక గది ఖాళీయే కదా అని నేను సరళ చాప చుట్టి చంకన పెట్టుకుని వెళ్లాను. తలుపుకి తాళం వేసి ఉంది.

"మళ్లీ ఏటికి పంటొత్తాది గదా. మనుసుల వాసన పట్టేత్తే ఎలాగ?" అన్నాడు సుక్రు. అది ఏ దేశం నిబంధనో నేను అడగలేదు. అడిగితే కొడతాడని కాదు, అడిగీ అడిగీ నాలో మాట అయిపోయింది.

పొద్దుగూకింది. చలి దిగుతోంది. నేను కట్టెలు విరిచాను, బియ్యం కడిగాను, పొయ్యి ముందు కూర్చున్నాను. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. రేపు ఎలాగూ ముట్టించక తప్పదని నాకు తెలుసు. పస్తుంటే నా పిల్లా పస్తుంటుంది. అయినా చెయ్యి లేవలేదు. అగ్గిపెట్టె కింద పెట్టేశాను.

"ఇంకా పొయ్యి ముట్టించనేదేటే?" అంది మా అత్త.

"పొగ తగలకూడదంట అత్తా."

"దేనికంట? మిరియాలు ఎల్లిపోనాయి గదా!"

"సరళకి" అన్నాను.