క్లోవిస్ ఖాతా మూసిన రోజు

జనవరిలో క్లోవిస్ పోయాడు. మంచు కరగకముందే జనం విత్తనాల కోసం అడగడం మొదలుపెట్టారు. మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొసన, ఫోర్ట్ కెంట్‌లో ఉన్న ఆయన చిక్కుడు విత్తనాల కొట్టుకు నడిచి వచ్చేవాళ్లకన్నా ఆన్‌లైన్‌లో కొనేవాళ్లే ఎక్కువ. ఆ వ్యవహారమంతా క్లోవిస్ చూసుకునేవాడు. భార్య ఒడిల్ గింజలు ఏరి పొట్లాలు కట్టేది.

మార్చిలో ఒకరోజు కార్డు చెల్లింపులు ఆగిపోయాయి. ఒడిల్ చెల్లింపుల కంపెనీకి ఫోన్ చేసింది. బ్యాంకు వివరాలు కలవడం లేదని, భద్రత కోసం ఖాతా ఆపామని, క్లోవిస్ ఫోన్‌కు సందేశం పంపామని, ఆయన సరేనని నొక్కితే తెరుస్తామని అక్కడి అమ్మాయి చెప్పింది.

క్లోవిస్ ఫోన్ వంటింటి బల్ల మీదే ఉంది. ఒడిల్ రోజూ దానికి ఛార్జింగ్ పెడుతోంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎదురుగా మరిది రెనో గోధుమరంగు ప్లోయ్ అట్టుకు వెన్న రాసుకుంటున్నాడు. ఒడిల్ తన ఫోన్‌ను చేత్తో మూసి సంగతి చెప్పింది.

"నొక్కెయ్ వదినా," అన్నాడతను. "అన్నయ్య నొక్కాడో నువ్వు నొక్కావో వాళ్లకేం తెలుస్తుంది? అన్నయ్యొచ్చి కేసు పెడతాడా?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. చెయ్యి తీసి, "ఆయన పోయాడమ్మా," అంది.

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

"అయ్యో, నాకు తెలీదండీ," అంది అమ్మాయి. "అయితే ఈ ఖాతా మూసేయాలి. మీ పేరున కొత్తది తెరుద్దామా?"

ఒడిల్ సరేనంది. డ్రైవింగ్ లైసెన్సు ఫొటో పంపింది. తర్వాత ఫోన్ కెమెరాలో మొహం చూపించమన్నారు. తల ఎడమకు తిప్పమంటే తిప్పింది, కళ్లు ఆర్పమంటే ఆర్పింది. తెరలోని ఆడమనిషి బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు చెదిరి ఉంది. చూసి జాలిపడాలేమో అనుకుంది. జాలి రాలేదు.

"ఏమంటోంది?" అన్నాడు రెనో.

"నేను నేనేనట."

మర్నాడు మొదటి ఆర్డరు వచ్చింది. వెర్మాంట్ నుంచి ఎప్పుడూ కొనే ఒకాయన, గింజ మీద పసుపు మచ్చ ఉండే పసుపు కన్ను చిక్కుడు బాగా కాసిందని, ఈసారి ఇంకొంచెం పంపమని క్లోవిస్‌కే రాశాడు. ఆయన లేడని, గింజలు మాత్రం ఆయన ఉన్నప్పటి మొక్కలవేనని ఒడిల్ జవాబిచ్చింది. పొట్లాలు కట్టి తపాలా ఆఫీసుకు నడిచింది. ఇంకా తెరవలేదు. మెట్ల దగ్గర మంచులో నిలబడింది. చలి తెలియలేదు.