తామర కాడలో గాలి గదులు

నేను ఒకేసారి ఇద్దరికి ఒకే దృశ్యం చూపించే రెండు తలల మైక్రోస్కోపును. పుట్టింది మైక్రోస్కోపులు చేసే ఊరు అంబాలాలో. అక్కడొక ముసలి పనివాడు నా అద్దాలు అరగదీసి, కంటికి ఆనించి చూసి, పెట్టెలో సర్దాడు. వరంగల్లులో ఒక విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర విభాగానికి వచ్చాక చాలా ఏళ్లు ముసుగులోనే గడిపాను. ప్రొఫెసర్ రఘోత్తంగారికి నేనంటే ఎంత ప్రేమంటే, పాడైపోతానని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆయన దగ్గర పరిశోధన చేసే శ్యామలకు మాత్రం అనుమతి ఉండేది. తామర కాడను బ్లేడుతో పల్చగా కోసి, రంగు అద్ది, నాలోంచి చూస్తూ తనలో తాను మాట్లాడుకునేది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. అయినా, ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలకు ప్రాక్టికల్ క్లాసు చెప్పడానికి బోర్డు ముందు నిలబడ్డ రోజున ఆమెను పోల్చుకోలేకపోయాను. “ఇవాళ మనం...” అంది. మళ్లీ “ఇవాళ...” అంది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. చెప్పాల్సిందంతా బోర్డు మీద రాసేసి కూర్చుండిపోయింది.

వెంట్రుకలో పదో వంతును కూడా చూపగలను గాని, ఇంత తెలిసిన మనిషికి మాట ఎక్కడ ఆగిపోయిందో నాకు కనిపించలేదు.

సాయంత్రం సార్ ల్యాబుకు వస్తే, “నాతోని కాదు సార్. ఇంకెవరికన్నా ఇయ్యండి” అంది.

“ఇంకొక్క క్లాసు చూడమ్మా. ఇప్పుడే వద్దంటే రేపు లెక్చరర్ ఎట్లయితవ్?”

తర్వాతి క్లాసులో ఇర్ఫాన్ అనే విద్యార్థి తన స్లైడు తెచ్చాడు. “మేడమ్, నేను కోసింది ఖరాబైనట్టుంది. అన్నీ బొక్కలే ఉన్నయి.”

ఆమె దాన్ని నా కింద పెట్టింది. ఇద్దరూ చెరో వైపు కళ్లు ఆనించారు.

“ఖరాబు కాలే. అవి గాలి గదులు. తామర వేరు బురదల ఉంటది కద, ఆడ గాలి దొరకదు. ఆకు తీసుకున్న గాలి వీటిల్లకెళ్లే కిందికి పోతది.”

“అంటే వేరు కోసం ఆకు ఊపిరి పీలుస్తదా మేడమ్?”

“అట్లనే అనుకో. ఆ గోడలు చూడు, ఎంత పల్చగున్నయో.”

అతను అడుగుతూ పోయాడు, ఆమె చెబుతూ పోయింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే బెంచీలు వదిలి చుట్టూ చేరడం ఆమె గమనించలేదు.

“మరి చెరువెండితే ఎట్ల మేడమ్?” అని వెనక నుంచి ఒకమ్మాయి అడిగేసరికి తల ఎత్తింది. క్లాసంతా ఆమెనే చూస్తోంది. వేళ్లు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. మళ్లీ నాలోకి తల దించేస్తుందనుకున్నాను. దించలేదు.

“అది నేనింకా చూడలే” అంది. “ఏమైతదనుకుంటున్నరు మీరు?”

అందరూ ఒక్కసారే మాట్లాడారు. వాళ్లు చెప్పింది రాయడానికి ఆమె నన్ను వదిలి బోర్డు దగ్గరకు నడిచింది.

ఇప్పుడు ప్రతి వారం క్లాసు ఆమెదే. ఇప్పటికీ మొదలుపెట్టేముందు ఒక గుటక మింగుతుంది. ఆ గుటకకూ మొదటి మాటకూ మధ్య ఏం జరుగుతుందో చూడాలని నాకు మహా కోరిక. దాన్ని పల్చగా కోసి నా కింద పెట్టేవాళ్లే లేరు.