కింది రెండు మెట్లు

గడియార స్తంభానికి నూట ఎనభై ఏడు మెట్లు. ఈ లెక్క తన బాబాయి చేతిలో పడకుండా ఉండుంటే, రాతిపని చేసే మేస్త్రమ్మకి ఇంత తలనొప్పి ఉండేది కాదు.

బాబాయి ఆ స్తంభం చూడవచ్చినవాళ్లకి చరిత్ర చెప్పే గైడు. ఏదో పాత గ్రంథంలో "నూట ఎనభై ఏడు మెట్లెక్కినవాడు యుగాంతాన్ని చూస్తాడు" అన్న వాక్యం ఆయన కంటపడింది. ఇంకేం, గ్రంథంలోని రాతి పర్వతం ఈ స్తంభమే అయింది. పాత కథల్లోని రాకాసి దీని పునాది కిందే నిద్రపోయింది. జోస్యంలోని నాలుగు ముఖాలు నాలుగు గడియారాలయ్యాయి. వాటిలో రెండు తిరగనే తిరగవన్న సంగతి ఆయనకి అడ్డే కాలేదు. ఇదంతా ఆయన పుస్తకంగా రాస్తే, అది పదకొండు ముద్రణలు పడింది. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి, మెట్లు లెక్కపెట్టుకుని, పైన కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు.

అసలు మెట్లు నూట ఎనభై అయిదే. ముప్పై ఏళ్ల కిందట రోడ్డు తవ్వి పల్లం చేస్తే, కింద రెండు మెట్లు అతికించింది మేస్త్రమ్మ తండ్రి. ఇప్పుడా రెండూ కుంగి ముందుకు ఒరిగాయి. పోయిన నెల ఒక పెద్దావిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వాటిని ఊడదీసి వాలుగా కట్టమని మునిసిపల్ ఆఫీసువాళ్లు మేస్త్రమ్మకి పని అప్పజెప్పారు. తీరా గడ్డపార పట్టుకుని వెళ్లేసరికి నలభైమంది మెట్లకి అడ్డంగా బైఠాయించారు.

"రాయి కదిలితే యుగం కదులుతుంది" అన్నాడొకాయన, కళ్లు మూసుకుని.

జనంతో గొడవెందుకని ఆఫీసువాళ్లు పని ఆపేశారు.

మేస్త్రమ్మ ఊరుకునే రకం కాదు. రాతి పక్కన సిమెంటు గీకి, తండ్రి ఉలితో చెక్కుకున్న గుర్తు చూపించింది. సున్నాలో మూడు గీతలు. "ఇది మా నాన్నది. మా వంటింటి గట్టు మీదా ఇదే ఉంటుంది, కావాలంటే వచ్చి చూసుకోండి!" అంది. మర్నాటికల్లా జనం అదీ మహిమేనని ఆ గుర్తుని కాగితాల మీద అద్దుకోవడానికి వరస కట్టారు. ఇద్దరైతే నిజంగానే వంటింటి గట్టు చూడ్డానికి వచ్చారు.

ఆ సాయంత్రమే ఆమె బాబాయి ఇంటికెళ్లి నిలదీసింది.

"ఆ మెట్లు ఎవరు కట్టారో నీకు తెలీదా బాబాయ్?"

"తెలీకేం, రాళ్లు అందించింది నేనేగా. రాయి పట్టుకోవడం చేతకాదని మీ నాన్న తిడుతూనే ఉన్నాడు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "తెలిసీ లెక్కలో కలిపావా?"

"మొదట గుర్తు రాలేదు తల్లీ. గుర్తొచ్చేసరికి మూడో ముద్రణ అయిపోయింది. అప్పుడెలా చెప్పను? పైకెక్కినవాళ్ల మొహాలు నువ్వు చూళ్లేదు."

"తుంటి విరిగినావిడ మొహం చూశాను. రేపు అందరిముందూ తప్పయిందని చెప్పు."

"చెప్పి చూశా. మమ్మల్ని పరీక్షిస్తున్నారా అని దణ్ణం పెట్టారు." ఆయన కళ్లద్దాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఒకటే దారుంది. కొత్త ముద్రణలో రాస్తా. గ్రంథంలో ఉన్నది నూట ఎనభై అయిదేనని, కింది రెండూ ఒక ద్రోహి అతికించాడని, వాటిని పెకలించే రోజు వస్తుందని. అప్పుడు వాళ్లే పలుగులు పట్టుకొస్తారు."

"ద్రోహి ఎందుకు? మేస్త్రి అని పెట్టొచ్చుగా."

"మేస్త్రి అంటే ఎవరూ కదలరు. కోపం రావాలి. ఆ గుర్తు ఎవరిదో ఇప్పుడు అందరికీ తెలుసు మరి. నువ్వే చూపించావు."

మేస్త్రమ్మ తండ్రి పోయి ఆరేళ్లయింది. బతికినన్నాళ్లూ ఒక్క రాయి వంకరగా పెట్టలేదని చెప్పుకుని మురిసిపోయిన మనిషి. నిజం చెబితే నమ్మని ఈ జనం మీద, పక్కనే కూర్చుని నిజం దాచిన ఈ బాబాయి మీద, అందరి మీదా ఆమెకి అసహ్యం వేసింది. కానీ రేపు పొద్దున్నే మళ్లీ ఆ ఒరిగిన మెట్ల మీద కాళ్లు పడతాయి, ఇంకెవరో జారతారు.

"ద్రోహి అనే పెట్టనా?" అన్నాడాయన మెల్లగా.

"రాసెయ్" అంది. "పేరుతో సహా రాసెయ్. త్వరగా అచ్చు వేయించు."

అని, ఏడుపు ఆపుకోలేక వీధిలోకి వచ్చేసింది.