గడియారం మేడ, ఒక క్యాబేజీ

భార్యలో ఆయనకు నచ్చిన గుణం ఒక్కటే, చేతిరాత. పెళ్లయిన కొత్తలో ఆ మాట ఒకసారి పైకి కూడా అన్నాడు. ఆ పొగడ్త పుణ్యమా అని ముప్పై ఏళ్లుగా ఆయన చెప్పిందల్లా ఆవిడ రాస్తూనే ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు చీటీలు, రిటైరయ్యాక పాత కట్టడాల పరిరక్షణ కమిటీ అర్జీలు. టైపు కొట్టిస్తే ఆఫీసర్లు చదవరట, చేతిరాతకైతే గౌరవం ఉంటుందట. ఆయన ఆ కమిటీకి కార్యదర్శి. సభ్యులు ఐదుగురు. వాళ్లు ముందుగదిలో కూర్చుని చరిత్రను కాపాడుతుంటే, ఆవిడ వంటింట్లో నిలబడి వాళ్ల టీ పాలు పొంగకుండా కాపాడుతుంటుంది.

ఆ ఆదివారం కూడా ఒక కన్ను పాలమీద, ఒక కన్ను కాగితంమీద వేసి వంటగట్టు మీదే పన్నెండు పేజీల అర్జీ రాస్తోంది. తొమ్మిదో పేజీలో కలం ఆగింది. 'గడియారం మేడ కింది గదులలో సాగుతున్న అనవసర కార్యకలాపాలను తక్షణమే ఖాళీ చేయించి, మేడను మ్యూజియంగా మార్చవలెను.'

ఆ కింది గదుల్లో ఉన్నది పురపాలక సంఘం నడిపే పిల్లల కేంద్రం. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున దింపి, సాయంత్రం తీసుకెళ్తారు. ముప్పై మంది పిల్లల్లో ఆవిడ మనవరాలు ఒకతె. కూతురు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. కేంద్రం మూస్తే పాపను ఎవరు చూసుకోవాలి? జవాబు అందరికీ తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కూతురు ఉద్యోగం మానాలి, లేదా ఆవిడ ఊపిరి తీసుకోవడం మానాలి.

"ఏవండీ, అనవసరం అంటే పిల్లలేనా?" అని వంటింట్లోంచే అడిగింది.

"నువ్వు రాయవే. అర్థం చేసుకోడానికి ఆఫీసర్లున్నారు."

ఆవిడ రాసింది. రాయకపోతే గొడవ, గొడవైతే ఆయనకు బీపీ, బీపీ పెరిగితే ఆసుపత్రి. ఆవిడ ఆలోచన ఎక్కడ మొదలైనా ఆసుపత్రి దాకా వెళ్లందే ఆగదు. ఫోను మోగితే యాక్సిడెంటు, మోగకపోతే అంతకన్నా పెద్ద యాక్సిడెంటు. అందుకే ఇంట్లో ఆవిడ పేరు వాతావరణ కేంద్రం. "మా కోడలు అమ్మో అనకుండా ఆవలించను కూడా ఆవలించదు" అని పోయిన అత్తగారు వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వించేది. వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తూ ఆవిడా నవ్వేది.

పాపను కేంద్రంలో చేర్చిన వారంలోనే ఆవిడ ఆ మేడనంతా భయంతో గాలించింది. మూడో మెట్టు ఊగుతోంది. ఊయలగది కప్పు మీద అరచేయంత చెమ్మ, నెలకో వేలెడు పెరుగుతోంది. వరండా కటకటాల సందులో పాప తల ఇరుక్కుంటుందేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పాప తలంత క్యాబేజీని ఏరి, సంచిలో వేసుకెళ్లి, సందులో దూర్చి చూసింది. దూరింది. వెనక్కి మాత్రం రాలేదు. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ కత్తిపీట తెచ్చి, ఇద్దరూ కలిసి ముక్కలు కోసి బయటికి తీశారు. మర్నాడే ఆవిడ తన పాత చీర ఒకటి ఆ కటకటాలకు అడ్డంగా కట్టేసింది.

సోమవారం పురపాలక కార్యాలయంలో అర్జీల రోజు. మొదటి పదిహేను మందికే టోకెన్లు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, అందుకని ఏడింటికే వెళ్లి వరసలో నిలబడింది ఆవిడ. ఆవిడ మోకాళ్ల సంగతి ఎప్పుడూ చర్చకు రాలేదు.

"ఎవరి పేరు రాయనమ్మా?" అన్నాడు గుమాస్తా.

కార్యదర్శి పేరు చెప్పమని ఆయన మరీ మరీ చెప్పి పంపాడు. కానీ తను కార్యదర్శి కాదే. ప్రభుత్వ కాగితంలో తను కాని మనిషి పేరు రాయిస్తే? రేపు పోలీసులొస్తే? పేపర్లో ఫోటో వేస్తే? కూతుర్ని అత్తింటివాళ్లు ఏమంటారు? రెండు గుక్కల్లో జైలుకెళ్లి తిరిగొచ్చి, ఆవిడ తన పేరే రాయించింది.

పదింటికి ఆయన కమిటీతో సహా వచ్చాడు. హాల్లో ఆవిడ తీసుకున్న నాలుగో నంబరు పిలిచారు. ఆయన కండువా సర్దుకుని లేచాడు. కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ టోకెను చూసింది.

"ఇది ఆడవాళ్ల పేరు. ఎవరి పేరుంటే వాళ్లే మాట్లాడాలి. మూడు నిమిషాలు."

"మా ఆవిడండీ. తనకేం తెలీదు."

"టోకెన్ తీసుకోవడం తెలిసిందిగా. రండమ్మా."

హాలు నవ్వింది. ఆయన అర్జీ ఆవిడ చేతిలో పెట్టి "రాసిందేగా, గబగబా చదివేసి రా" అని గొణిగాడు.

గబగబానే చదివింది. పన్నెండు పేజీలు మూడు నిమిషాల్లో అవ్వవని భయమేసి పేజీలు దాటేసింది. సరిగ్గా తొమ్మిదో పేజీ తగిలింది. "అనవసర కార్యకలాపాలను..." నిన్న కలం ఆగినచోటే గొంతు ఆగింది.

"అయిపోయిందా అమ్మా?"

"లేదండీ. రాత నాదే. ఈ మాట నాది కాదు." కాగితాలు బల్లమీద పెట్టేసింది. చేతులు ఖాళీ అయ్యాక మాట దానంతటదే వచ్చింది. మెట్టు చెప్పింది, చెమ్మ చెప్పింది, క్యాబేజీ చెప్పింది. ఈసారి హాలు నవ్వబోయి, ముక్కలు కోసి తీశామన్న మాట దగ్గర నవ్వు మింగేసింది. "పిల్లల్ని పంపేస్తే మేడకు తాళమేస్తారు. తాళమేశాక వాన ఎక్కడ కారుతోందో ఎవరికి తెలుస్తుందండీ? ఇప్పుడైతే ఆయమ్మ బకెట్టు పెడుతుంది, నేను వెళ్లి చెమ్మ కొలుస్తాను. మేడ నిలబడాలన్నా లోపల మనుషులుండాలి."

"మేం ఇరవై ఏళ్లుగా ఆ మేడ కోసం పోరాడుతున్నామండీ" అని కమిటీ అధ్యక్షుడు లేచాడు.

"మంచిదండీ. పైకి మెట్లు ఎన్ని?" అంది ఆఫీసరమ్మ.

అధ్యక్షుడు బల్లమీది అర్జీ తీసి పేజీలు తిప్పసాగాడు.

"పంతొమ్మిదండీ" అంది ఆవిడ. "మూడోదాన్ని నమ్మకండి."

"రేపు పదింటికి ఇంజనీరును పంపిస్తాను. మరమ్మతుల సంగతి తేలేదాకా పిల్లల్ని కదిలించేది లేదు. అన్నీ చూపించడానికి మీరు రావాలమ్మా."

ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఆయన అన్నాడు. "రేపు పదింటికి కమిటీ అర్జెంటు మీటింగు. నువ్వక్కడ ఊరేగుతుంటే వాళ్లకి టీ ఎవరు పెడతారు?"

ఆవిడ అలవాటు కొద్దీ జరగబోయే ఘోరాలన్నీ ఊహించుకుంది. ఆయన పొయ్యి వెలిగిస్తాడు. పాలు పొంగుతాయి. గిన్నె మాడుతుంది. ఐదుగురు పెద్దమనుషులు టీ లేకుండా చరిత్రను కాపాడాల్సొస్తుంది. ఇంకా ఏమైనా ఉందేమోనని గుమ్మంలో నిలబడి చాలాసేపు వెతికింది. ఎంత వెతికినా ఆసుపత్రి దాకా వెళ్లలేదు.

"మీరే పెట్టండి" అంది. "పాలు పొంగేటప్పుడు చప్పుడు చేయవు. దగ్గరే నిలబడాలి."