తలుపున్న గది

ఎప్పుడూ సాయంత్రం రుబ్బే మినప్పప్పుని ఆశాజ్యోతి ఆ రోజు కావాలనే తెల్లవారుజామున నానబోసింది. అదీ మూడు రోజులకి సరిపడా.

లాక్‌డౌన్ పెట్టాక కూర్మన్నపాలెంలోని ఆ ఇంట్లో తలుపున్న ఒక్క గదీ భర్త శివరామకృష్ణదైపోయింది. పోర్టు ఆఫీసు మీటింగులు మరి. హాల్లో అత్తగారు కనకరత్నం, ఆవిడ టీవీ. హాస్టల్ మూసేస్తే ఇంటికొచ్చిన కూతురు అలేఖ్య వంటింటి గట్టు మీద, కుక్కర్ పక్కన ఫోను ఆనించి ఎమ్మెస్సీ పాఠాలు వినేది. మధ్యలో మామ్మ కేక: "ఓలమ్మీ, టీ సుక్క ఎట్టవే!" చప్పుడుకి ఏమీ వినబడట్లేదు నాన్నా అంటే, "చెవిలో పెట్టుకుని విను. వంటింట్లో పని ఆగిపోద్దేటి?" అనేవాడు శివరామకృష్ణ.

పిల్ల ముందు మాటలు మానేసింది, తర్వాత తల దువ్వుకోవడం. ఒకరోజు బెండకాయలు తరుగుతుంటే, "అమ్మా, నేను లేకపోతే ఈ గట్టు మీద నీకు కాస్త చోటు మిగులుతుంది కదా" అంది, చాలా మామూలుగా.

ఆశాజ్యోతి ఆ పూటే యూనివర్సిటీకి ఫోన్ చేసింది. మర్నాడు అక్కడి కౌన్సెలర్ డాక్టరమ్మ ఫోన్ చేస్తే శివరామకృష్ణ లాక్కుని, "మా ఇంట్లో పిచ్చోళ్ళెవరూ లేరండి" అని పెట్టేశాడు. "డిగ్రీ ఉంది గానీ నీకు బుర్ర లేదే! రేపు పిల్లకి సంబంధాలొస్తాయా?"

ఆమె పులుసు మారు వడ్డించింది. ఆయన ప్రమోషన్ ఇంటర్వ్యూ ఎప్పుడో కనుక్కుని, కౌన్సెలర్ దగ్గర సరిగ్గా అదే సమయం అడిగింది.

ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో ఆయన వచ్చేసరికి గదికి లోపల గడియ.

"ఏటే ఇది? తియ్యమను!"

"పిల్ల డాక్టరమ్మతో మాట్లాడుతోంది. మీ ల్యాప్‌టాప్ గట్టు మీద పెట్టానండీ. తుడిచే పెట్టాను."

తలుపు బాదడానికి చెయ్యెత్తాడు. వంటింట్లో ల్యాప్‌టాప్‌లోంచి పెద్ద ఆఫీసరు పిలుపు వినబడింది. పరిగెత్తాడు. ఆశాజ్యోతి గ్రైండర్ వేసింది.

"ఓలమ్మీ, టీ!"

"మీ అబ్బాయి గట్టు దగ్గరే ఉన్నారత్తయ్యా, పెడతారు!"

"ఏంటండీ ఆ చప్పుడు? మీ మాట వినబడట్లేదు" అంటున్నారు తెరలోంచి. శివరామకృష్ణ తెరలో కనబడకుండా గట్టు కింద నుంచి రెండు చేతులూ జోడించాడు, ఆపమని.

"చెవిలో పెట్టుకుని వినండి. వంటింట్లో పని ఆగిపోద్దేటి?"

ఆపితే, తలుపు వెనక పిల్ల గొంతులోంచి ఇప్పుడే బయటికొస్తున్న ఏడుపు అందరి చెవినా పడుతుంది. స్విచ్చికి అడ్డంగా నిలబడి, ఆశాజ్యోతి ఇంకో దోసెడు పప్పు పోసింది.